హిమవేణి దాటిన డాలు

హిమవేణి నది గడ్డకట్టి ఆ ఉదయానికి పదకొండు రోజులైంది.

మణిమంత సామ్రాజ్యానికి ఉత్తరపు హద్దు ఆ నదే. మూడువందల ఏళ్ళుగా కోటలకంటె, సేనలకంటె ఎక్కువగా ఆ నీళ్ళే సామ్రాజ్యాన్ని కాపాడుతూ వచ్చాయి. ఇప్పుడా నీళ్ళు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒకటే తెల్లటి బయలు. పొద్దుపొడుపు వేళ దాని మీద లేతగులాబి వెలుగు పరుచుకునేది. ఆ వెలుగు మీద సన్నటి బంగారు రజను రాలేది. ఆ పైన ముత్యాలు నూరి చల్లినట్టు మంచుపొగ తేలేది. కవి ఎవడైనా చూస్తే ఓ శతకానికి సరిపడా సరుకు. తొమ్మిదో కోటలో కవులు లేరు. నాలుగువందలమంది సైనికులున్నారు. వాళ్ళు ఆ తెలుపు కంటబడితే చాలు, ముఖం తిప్పుకునేవాళ్ళు.

రాజధాని పత్రాల్లో మాత్రం తొమ్మిదో కోటకు రెండువేలమంది ఉన్నారు. మిగతా పదహారువందలమందిలో కొందరు చచ్చారు, కొందరు పారిపోయారు, కొందరు కోట వెనక పొలాలు దున్నుకుంటూ కత్తిని ఎక్కడ పెట్టారో మరిచిపోయారు. గోడ కూలినచోటల్లా పాత చక్రవర్తుల శిలావిగ్రహాలు పగలగొట్టి పూడ్చారు. అందుకని పడమటి బురుజు పక్కన ఒకాయన ముక్కు, ద్వారం పైన మరొకాయన భుజం కనిపిస్తూ ఉంటాయి. ఆ ఒక్క ఏడాదిలోనే ముగ్గురు చక్రవర్తులు మారారు కాబట్టి విగ్రహాలకు కొరత లేదు.

ఆ కోటకు దళపతి శూలపాణి. నలభై అయిదేళ్ళవాడు. దక్షిణ సముద్రం ఒడ్డున ముత్తెపురేవు అనే పల్లెలో పుట్టి, ఇరవయ్యో ఏట సైన్యంలో చేరి, ఇరవై అయిదేళ్ళూ ఈ చలిలోనే గడిపాడు. ఈ ఇరవై అయిదేళ్ళలో తన భార్య సోమిదేవిని నాలుగుసార్లు చూశాడు. ఒకప్పుడు అతనికీ కోరికలు పెద్దవే ఉండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నపుటెండలో కాలిన ఇసుక మీద వెల్లకిలా పడుకోవాలి, ఏ నగారా తనని లేపకూడదు.

దానికి కావలసింది ఒక తామ్రపత్రం. 'ఇరవై అయిదేళ్ళ కొలువు ముగిసింది, ఇతను ఇంటికి పోవచ్చును' అని దానిమీద చెక్కి సిద్ధంగానే ఉంది. రాజముద్ర పడాలి, అంతే. ఆ ముద్ర పట్టుకుని రాజప్రతినిధి శ్రుతశర్మ నిన్ననే కోటకు వచ్చాడు. బక్కపలచని ముసలాయన, మూడు శాలువాలు కప్పుకుని నిప్పుల కుంపటి ముందు నుంచి కదలడం లేదు.

"దళపతీ, ముద్ర వేయడానికి నాకు రెప్పపాటు చాలు," అన్నాడాయన పత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని.

"వేయండి స్వామీ," అన్నాడు శూలపాణి.

"వేస్తాను. కాని నువ్వు వెళ్ళిన మర్నాడే వృకులు మంచు మీద నడుచుకుంటూ వచ్చి ఈ కోట పట్టుకుంటే, నా ముద్రకి విలువ ఏముంటుంది చెప్పు?"

వృకులంటే ఆవలి గట్టు జాతి. తోడేలు చర్మాలు తొడుక్కుంటారు. వాళ్ళకూ మణిమంతకూ యుద్ధం ఎందుకు మొదలైందో వాళ్ళకూ తెలియదు, వీళ్ళకూ తెలియదు. ఈసారి వాళ్ళ వెంట నీహారుడనే మాంత్రికుడు వచ్చాడు. అతని దగ్గర ఒక నీలిశంఖం ఉంది. దాన్ని ఒకసారి ఊదితే పారే నీరు గడ్డకడుతుంది, మరోసారి ఊదితే ఆ గడ్డ ముక్కలవుతుంది. పట్టుబడిన ఒక వృకుడు ఆ సంగతి బయటపెట్టాడు.

"ఆ శంఖం తీసుకురా," అన్నాడు శ్రుతశర్మ. "వాళ్ళ భాష వచ్చిన మన మనిషి ఈ కోటలో నువ్వొక్కడివే. నది కరిగి పారడం నా కళ్ళతో చూస్తాను, ముద్ర వేస్తాను. మధ్యాహ్నానికి నీ బండి దక్షిణానికి కదులుతుంది."

శూలపాణి వాదించలేదు. వాదించే ఓపిక అయిపోయి చాలా ఏళ్ళయింది. "బండికి ఎద్దుల్ని కట్టి ఉంచమనండి," అని మాత్రం అన్నాడు.

అతన్ని వృకుడిగా తయారుచేసే పని ఆద్రికుడు చేశాడు. ఆద్రికుడు అసలైన వృకుడే. పన్నెండేళ్ళ కిందట తనవాళ్ళు నలభైమందిని వెంటపెట్టుకుని వచ్చి మణిమంత కొలువులో చేరాడు. ఉత్తరాది వాళ్ళతో పోరాడటానికి ఉత్తరాది వాళ్ళనే పెట్టుకోవడం అప్పటికి మామూలైపోయింది. ద్వారం పట్టనంత మనిషి. తమ భాషలో మర్యాద మాట లేదు కాబట్టి అందర్నీ నువ్వనే అంటాడు, చక్రవర్తి ఎదురైనా అలాగే అనేవాడు.

తోడేలు చర్మం కప్పాడు. గుర్రపు వెంట్రుకలతో అల్లిన గడ్డిరంగు జడల్ని అతని బోడితలకు బిగించాడు. ఒళ్ళంతా ఎలుగు కొవ్వు పూశాడు. ఆ కంపుకు కోట కుక్కలు లేచి దూరంగా పోయి పడుకున్నాయి.

"నడువు చూస్తా," అన్నాడు ఆద్రికుడు.

శూలపాణి నడిచాడు.

"బాగాలేదు. అది మీ సైన్యం నడక. ఎడమ, కుడి, ఎడమ. మావాళ్ళు అలా నడవరు."

"ఎలా నడుస్తారు?"

"ఆకలితో నడుస్తారు. నీకు ఎడమ మోకాలు నొప్పి కదా. రోజూ దాస్తావు. ఇవాళ దాచకు, సరిపోతుంది."

ఇద్దరూ మంచుపొగ చాటున నది మీదికి దిగారు. నది మధ్యలో పెద్ద పడవ ఒకటి గడ్డలో ఇరుక్కుని ఒరిగి ఉంది. ఆద్రికుడు తన డాలుతో సహా దాని కింద దూరి కూర్చున్నాడు. "నేనింకా ముందుకు వస్తే మావాళ్ళు నన్ను గుర్తుపడతారు. ఇక్కడే ఉంటా. తొందరగా రా," అన్నాడు.

శూలపాణి ఒంటరిగా సాగాడు. యాభై అడుగులు వేశాడో లేదో, కాలికింద మంచు కిర్రుమంది. చేపల కోసం ఎవరో తవ్విన గుంట మీద పలచగా పేరుకున్న పొర అది. నడుందాకా దిగిపోయాడు. నల్లటి నీళ్ళు కిందికి గుంజుతున్నాయి. బాకు తీసి గడ్డలోకి దిగ్గొట్టి, దాన్ని పట్టుకుని పాకి పైకి వచ్చాడు. వచ్చేసరికి ఎదురుగా రెండు తోడేలుకుక్కలు పళ్ళు బయటపెట్టి నిలబడ్డాయి. అవి దగ్గరకు వచ్చి మూచూశాయి. ఎలుగు కొవ్వు పని చేసింది. తోకలు ముడిచి పక్కకు తప్పుకున్నాయి.

గట్టు మీద కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎక్కణ్ణుంచి?"

"కట్టెలకి వెళ్ళాను."

"కట్టెలేవి?"

"దొరకలేదు."

కావలివాడు బల్లెం తీసేశాడు. "ఎవరికీ దొరకడం లేదు," అన్నాడు ఆవలిస్తూ.

పాతికేళ్ళుగా శూలపాణి ఆ గట్టును కోట మీంచి చూస్తున్నాడు. వేల గుడారాలు, వేల కత్తులు, మధ్యలో రక్తం తాగే రాజు ఉంటాడని అతని అంచనా. తీరా చూస్తే అక్కడ బండ్లున్నాయి. కనుచూపు మేరంతా బండ్లే. బండ్ల కింద ముసలివాళ్ళు పడుకుని ఉన్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని చర్మాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కత్తి పట్టగల మగవాళ్ళు పదిమందిలో ఒకడు లేడు.

ఒక ముసలమ్మ కుండలో ఏదో ఉడకబెడుతున్నది. తడిసిన ఒళ్ళు కొయ్యబారుతుంటే శూలపాణి ఆ మంట దగ్గర చతికిలబడి రెండు అరచేతులూ చాచాడు. కుండలోకి తొంగిచూశాడు. గుర్రపు జీను తోలు ముక్కలు ఉడుకుతున్నాయి.

ముసలమ్మ అతని చేతులకేసి చూసింది. "గోడల మధ్య పెరిగినవాడివి నువ్వు," అంది నెమ్మదిగా.

శూలపాణి చెయ్యి బాకు మీదికి పోయింది.

"మా మనిషి మంటకు వీపు పెడతాడు. ముఖం ఎప్పుడూ బయటికే ఉంటుంది, వచ్చేవాడు అటునుంచే వస్తాడు కనక. అరచేతులు చాచి మంటను చూసేది వెనక గోడ ఉన్నవాడే."

"మరి అరవవేం?"

"అరిస్తే నిన్ను చంపుతారు. దానివల్ల ఈ కుండలో ఏం పడుతుంది?" ఆమె కట్టెతో కుండ కలియబెట్టింది. "మా వెనక తురగులు వస్తున్నారు. గుర్రం దిగని జాతి. పోయిన వానాకాలానికి మావి నలభై ఊళ్ళు. ఇప్పుడు ఈ బండ్లే మిగిలాయి. మీ గోడల వెనక చోటిమ్మని అడగడానికి మీ చక్రవర్తి దగ్గరకు మూడుసార్లు మనిషిని పంపాం. వెళ్ళిన ప్రతిసారీ అక్కడ చక్రవర్తి మారిపోయాడట. కొత్తాయన పాతాయన విన్న అర్జీ వినడట. జవాబు వస్తుందని పదకొండు రోజులుగా ఇక్కడే కూచున్నాం. నది గట్టిగానే ఉంది, నడిచి వచ్చేయొచ్చు. వస్తే మీ బాణాలు. అందుకని కూచున్నాం."

శూలపాణి చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అదంతా నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు.

"ఎవరి చేతుల్లోనూ ఉండదు." ఆమె కొయ్యగిన్నెలో ఆ తోలునీళ్ళు పోసి అతని చేతికిచ్చింది. "ఇది నీహారుడికి ఇచ్చిరా. నా కాళ్ళు రావు. గోడల సంగతి తెలిసినవాడివి కదా, ఆయనతో మాట్లాడు. ఏదో ఒక దారి చెప్పు."

గిన్నె పట్టుకుని లేచాడు. ముసలమ్మ చెయ్యి చూపించగా గుడారానికి దారి తెలిసింది. తన పనికి కావలసిందీ అదే. అయినా ఆ గిన్నె మోస్తుంటే సిగ్గేసింది.

నీహారుడి గుడారం లోపల మరో లోకంలా ఉంది. తెల్ల ఎలుగు చర్మాలు గోడలు. పైకప్పు నుంచి మంచుగడ్డతో చెక్కిన దీపాలు వేలాడుతున్నాయి. వాటిలో వత్తి లేదు, నూనె లేదు, వెన్నెల రంగు మంట మాత్రం ఉంది. నడుమ తిమింగలం వెన్నెముకతో చేసిన పీఠం. దానికి చెరోపక్కా మోకాలెత్తు గడ్డిబొమ్మలు రెండు, కళ్ళకు బదులు ఎర్రటి గురిగింజలు. పీఠం పైన వెండిగొలుసుకు నీలిశంఖం వేలాడుతున్నది. పీఠం మీద మాంత్రికుడు. ఆరడుగుల గడ్డం, నక్షత్రాలు కుట్టిన అంగీ, ఆవుదం పోసుకున్నట్టు ఎర్రటి కళ్ళు. అతని తల వాలింది. వెంటనే కుడివైపు బొమ్మ ఎగిరి జుట్టు పట్టి లాగింది. ఉలిక్కిపడి లేచాడు.

"గంజి తెచ్చావా? నిద్ర తేవలసింది," అన్నాడు నీహారుడు. "పదకొండు రోజులు. శంఖానికి కాపలా ఉన్నవాడు కన్ను మూయకూడదు. మూస్తే ఈ దరిద్రులు ఊరుకోవు. నేనే చేసుకున్నాను వీటిని, నాకే ఈ శాస్తి."

"మరో మనిషిని కూర్చోబెట్టరాదా?"

మాంత్రికుడు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు, ఆశ ఉంది. "నువ్వు కూచుంటావా? పీఠం ఖాళీ అయితే ఇవి కేకలు పెడతాయి. మనిషంటూ ఉంటే చాలు. నూరు లెక్కపెట్టేదాకా. నూరంటే నూరే."

మాంత్రికుడు దిగాడు, శూలపాణి ఎక్కాడు. నీహారుడు ఎలుగు చర్మం మీద ఒరిగాడో లేదో గురక మొదలైంది.

తల మీద శంఖం ఉంది. లేచి చెయ్యి చాస్తే అందుతుంది. కాని ఆ వెచ్చదనం. ఇరవై అయిదేళ్ళలో అంత వెచ్చటిచోట కూర్చున్న గుర్తు అతనికి లేదు. కళ్ళు మూతలు పడ్డాయి. ఇసుక కనిపించింది, దూరంగా కెరటాల చప్పుడు వినిపించింది. ఎడమవైపు బొమ్మ ఎగిరి జుట్టు పట్టి లాగింది. జడలన్నీ ఊడి దాని చేతికి వచ్చాయి.

బొమ్మ ఆ జడలకేసి చూసింది. బోడితలకేసి చూసింది. లాగితే జుట్టు ఊడిరావడం దానికెప్పుడూ అనుభవం కాలేదు. అది తేల్చుకునేలోగా శూలపాణి లేచి గొలుసు తెంపి, శంఖం చంకలో పెట్టి, బాకుతో గుడారం వెనకభాగం చీల్చుకుని బయటపడ్డాడు.

పీఠం ఖాళీ అయింది. రెండు బొమ్మలూ ఒక్కసారి కేకపెట్టాయి. ఆ కేకకు విడిది మొత్తం లేచింది, గుర్రాలు కట్లు తెంపుకున్నాయి, మంచుదీపాలు పగిలి రాలాయి. నీహారుడొక్కడు లేవలేదు. పక్కకు ఒత్తిగిలి మళ్ళీ గురక పెట్టాడు.

శూలపాణి కట్టు తెంపుకున్న గుర్రం ఒకదాని మీదికి ఎగిరి నదివైపు తోలాడు. కావలివాడి బల్లెం చెవి పక్కనుంచి పోయింది. గట్టు దిగేచోట ముగ్గురు అడ్డం వచ్చారు. గుర్రం వాళ్ళమీంచి దూకింది, దూకి మంచు మీద పడి కాళ్ళు జారి చక్రంలా తిరిగింది. మళ్ళీ నిలదొక్కుకుని పరుగెత్తింది. వెనక బాణాలు. ఒకటి అతని కుడితొడలో దిగబడింది. గుర్రం మరోసారి జారింది. ఈసారి ఇద్దరూ పడ్డారు. శూలపాణి శంఖాన్ని గుండెకు అదుముకుని నున్నటి గడ్డ మీద చాలాదూరం జారిపోయి, ఒరిగిన పడవకు తల కొట్టుకుని ఆగాడు.

ఆద్రికుడు బయటికి వచ్చి బాణం విరిచి, గుడ్డతో కట్టు కట్టాడు. అప్పుడే ఆవలి గట్టున కొమ్ము ఊదారు. ఒకటి కాదు, పది, యాభై.

"వెంటపడుతున్నారా?" అన్నాడు శూలపాణి.

ఆద్రికుడు లేచి చూశాడు. "వెంటపడటం కాదు. దాటుతున్నారు. అందరూ."

శూలపాణి మోచేతి మీద లేచాడు. బండ్లన్నీ మంచు మీదికి దిగుతున్నాయి. ఎద్దులు చచ్చిన బండ్లను మనుషులే లాగుతున్నారు.

"శంఖం పోయింది కదా," అన్నాడు ఆద్రికుడు. "ఇక గడ్డ ఎప్పుడు పగులుతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడు దాటకపోతే ఇంకెప్పుడూ దాటలేరు. వెనక తురగులు. అందుకని."

పదకొండు రోజులు కదలకుండా కూర్చున్న జనాన్ని ఒక్క పొద్దులో తను మంచు మీదికి తరిమాడు.

ఇంతలో కోట నుంచి ఆద్రికుడి మనుషులు ముగ్గురు పరుగున వచ్చారు. వృకుల్లో ఒక ఆచారం ఉంది. యుద్ధంలో దెబ్బతిన్నవాడి పాదం తన ఇంటి నిప్పును చూసేదాకా నేలకు తగలకూడదు. తగిలితే ప్రాణం ఆ పాదంలోంచి భూమిలోకి ఇంకిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని డాలు మీద కూర్చోబెట్టి భుజాలమీద మోస్తారు. మోసేవాళ్ళు గొంతులోంచి సన్నగా ఒక హుంకారం మొదలుపెట్టి, అడుగడుగుకూ పెంచుకుంటూ పోతారు, దెబ్బతిన్నవాడికి నిద్ర పట్టకుండా. నలుగురూ అదే చేశారు. పన్నెండేళ్ళు మణిమంత తిండి తిన్నా, ఆ క్షణంలో వాళ్ళకు ఇంకో పద్ధతి తోచలేదు.

"నడవగలను. దించండి," అన్నాడు శూలపాణి.

"కుదరదు," అన్నాడు ఆద్రికుడు.

కోట గోడమీద నాలుగువందలమందీ చూస్తూనే ఉన్నారు. ముందు హుంకారం వినబడింది. తరవాత మంచుపొగ చీలింది. నలుగురు యోధుల భుజాల మీద గుండ్రటి డాలు, డాలు మీద తమ దళపతి, అతని చేతిలో ధగధగలాడే నీలిశంఖం.

మణిమంతలో చక్రవర్తి పట్టాభిషేకానికి శాస్త్రం వేరే ఉంది. ఏడు నదుల జలాలు, ఏనుగు దంతం సింహాసనం, పురోహితులు. నూరేళ్ళుగా దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. సైనికులు ఎవణ్ణి డాలు మీద ఎత్తితే వాడే చక్రవర్తి. ఆ ఏడాది ముగ్గురూ అలా వచ్చినవాళ్ళే. డాలు మీద ఎత్తబడినవాడికి ఉన్నవి రెండే దారులు. ఒకటి సింహాసనం, రెండోది వధ్యశిల.

"మన దళపతిని ఎత్తార్రా," అన్నాడు ఎవడో. అంతే, గోడ దద్దరిల్లింది. ద్వారం పక్క చిన్నతలుపు తెరుచుకుని సైనికులు మంచు మీదికి ఉరికారు. జెండా మోసే మారప్ప, అరవయ్యేళ్ళ మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకుని తన మెడలోని ఇత్తడి కంటె తీసి శూలపాణి తల మీద పెట్టాడు. అది వదులై ఒక చెవి మీదికి జారింది.

"నా తండ్రే, ఇన్నాళ్ళకి మనలో ఒకణ్ణి చూశాం," అన్నాడు మారప్ప.

"మారప్పా, ఇది అది కాదు. దెబ్బ తగిలితే మోసుకొచ్చారయ్యా. దించండి."

ఎవరికీ వినబడలేదు. 'జయము శూలపాణి చక్రవర్తికి' అని నాలుగువందల గొంతులు అరుస్తున్నాయి. ఏం జరిగిందో ఆద్రికుడికి అప్పుడు అర్థమైంది. పాపం, ఆ పెద్దమనిషి ముఖం పాలిపోయింది. "నేను అది అనుకోలేదు," అన్నాడు.

"తెలుసులే."

సైనికులు దారి ఇచ్చారు. శ్రుతశర్మ మూడు శాలువాలతో, చేతికర్రతో వచ్చి డాలు ముందు నిలబడ్డాడు. వెనక అతని అంగరక్షకులు ఇద్దరు కత్తుల మీద చేతులు వేసి ఉన్నారు, నాలుగువందలమందిని చూసి ఆ చేతులు అక్కడే ఉంచారు.

"నేను నలుగురు చక్రవర్తుల్ని సేవించాను," అన్నాడాయన. "ఇద్దరి తలలు పళ్ళెంలో చూశాను. నువ్వు అలాంటివాడివి కావు. ఆ నలుగురు అనాగరికులు చేసిన పొరపాటు ఇది, నాకు తెలుసు. నీ పాదం నేలకి తగలనియ్యి. గాయపడినవాణ్ణి మోసుకొచ్చారని నా చేత్తో రాసి ముద్ర వేస్తాను. ఎవరూ కాదనరు."

"మరి శంఖం?"

"ఊదు. ఇప్పుడే." ఆయన కర్రతో నదివైపు చూపించాడు. "జాతి మొత్తం నది మధ్యలో ఉంది. ఒక్కసారి ఊదితే మూడువందల ఏళ్ళ యుద్ధం ఇవాళ్టితో అయిపోతుంది. మళ్ళీ ఇంకెవడూ నీలాగా ఇక్కడ పాతికేళ్ళు చావనక్కర్లేదు. ఆ బండికి ఎద్దుల్ని కట్టే ఉంచాను, శూలపాణీ."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే కష్టంగా ఉంది. శూలపాణి నదికేసి చూశాడు. మొదటి బండ్లు ఒరిగిన పడవ దాటాయి. ముందు వరసలో ఒక బండి కాడి కింద ఎద్దుకు బదులు ఆ ముసలమ్మే ఉంది. కాళ్ళు రావన్న మనిషి. వెనక, ఆవలి గట్టు పైన, ఆకాశం అంచున నల్లటి పొగ లేచింది. ఆద్రికుడు తలెత్తలేదు. ఆ బండ్లలో తన అక్క ఉందని గాని, అక్క పిల్లలున్నారని గాని పన్నెండేళ్ళలో ఎన్నడూ చెప్పనివాడు ఇప్పుడూ చెప్పలేదు. అతని భుజం మీద డాలు మాత్రం నదివైపు కాస్త ఒరిగింది.

"ద్వారం తెరవమని ఎవరు చెప్పాలి?" అని అడిగాడు శూలపాణి.

"ఉత్తరాది వాళ్ళకా? చక్రవర్తి చెప్పాలి. మరెవరు చెప్పినా రాజద్రోహం." అనేశాక శ్రుతశర్మకు తన మాట తనకే వినబడింది. "వద్దు," అన్నాడు నెమ్మదిగా. "నీకు ఇల్లుంది. వెళ్ళు."

ద్వారం దగ్గర కావలివాళ్ళ నిప్పులకుండ మండుతున్నది. వాళ్ళ లెక్కలో అదే అతని ఇంటి నిప్పు కాబట్టి ఆద్రికుడి మనుషులు మోకాళ్ళు వంచి డాలును కిందికి దించుతున్నారు. శూలపాణి దెబ్బతిన్న కాలు వేలాడుతున్నది. నేల జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు దిగితే సోమిదేవి ఉంది, ఇసుక ఉంది, నిద్ర ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆద్రికా, దించకు," అన్నాడు.

డాలు ఆగింది. మళ్ళీ భుజాలకెక్కింది.

"మారప్పా, ద్వారం తెరిపించు. రెండు తలుపులూ. విల్లు పట్టిన ప్రతివాడూ నారి వదులు చెయ్యాలి. ముందు పిల్లలున్న బండ్లని రానివ్వండి."

"చక్రవర్తి ఆజ్ఞ," అని మారప్ప పరుగెత్తాడు. ఇనుపగడియలు కీచుమన్నాయి.

శ్రుతశర్మ కాసేపు కర్ర మీద వాలి నిలబడ్డాడు. కోట వెనకనుంచి దక్షిణపు బాట మీద గుర్రపు డెక్కల చప్పుడు వినబడింది. ఆయన దూత ఒకడు ఎవరూ చెప్పకముందే రాజధానికి బయలుదేరాడు.

"అసలు చక్రవర్తికి ఎన్నాళ్ళలో తెలుస్తుంది?" అన్నాడు శూలపాణి.

"తొమ్మిది రోజులు. అయిదు దళాలు బయలుదేరతాయి. ఆ తరవాత నీ తల." ముసలాయన పై శాలువా తీసి శూలపాణి తొడ మీద కప్పాడు. అది వందనమో, వీడ్కోలో ఆయనే చెప్పలేడు.

మొదటి బండ్లు ద్వారం చేరాయి. ఆవలి గట్టు మీద పొగ దగ్గరైంది, పొగలోంచి తురగులు బయటపడ్డారు. చిన్నగుర్రాలు, వందలు, ఆ వెనక ఇంకా వందలు. ఆఖరి బండ్లింకా నది నడుమ కూడా చేరలేదు. వాటన్నిటికీ వెనక నీహారుడు తూలుకుంటూ నడుస్తున్నాడు, చెరో చంకలో ఒక గడ్డిబొమ్మ. ఇప్పుడు శంఖం ఊదితే వాళ్ళంతా పోతారు. ఊదకపోతే తురగులు వాళ్ళ వెంటే ఈ ద్వారంలోకి వస్తారు.

శూలపాణి కంటెను చెవి మీంచి పైకి జరుపుకుని, శంఖాన్ని పెదవులకు ఆనించి, ఊదకుండా, ఆఖరి బండి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ కూర్చున్నాడు. తురగుల మొదటి గుర్రం మంచు మీద కాలు పెట్టింది.